టీనేజర్ గదికి ఫర్నిచర్: కొనేముందు ఒక్కసారి వినండి



ఈ రోజు ఎపిసోడ్ ఫర్నిచర్ గురించి. ఆగండి, స్కిప్ చేయకండి. సోఫాలు, షోకేసుల గురించి కాదు. ఇంట్లో 13 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్నవాళ్ల గది గురించి. ఆ వయసులో మీరే ఉండొచ్చు, మీ తమ్ముడో చెల్లో ఉండొచ్చు. ఆ గదిలో ఏం కొనాలి, ఏ సైజులో కొనాలి, ఎవరు డిసైడ్ చేయాలి, ఇవన్నీ మాట్లాడుకుందాం. కానీ ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఎందుకంటే ఈ విషయంలో మేం తప్పు చేశాం. అందులో నా వాటా కూడా ఉంది.

మాది కాకినాడ. రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు. ఒకటి అమ్మానాన్నలది, రెండోది నానమ్మది. నేను, చెల్లి హాల్లో పడుకునే పెరిగాం. నేను ఇంజనీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్లిపోయాను. తర్వాత నానమ్మ పోయింది. సంవత్సరీకం అయ్యాక, ఆ గది చెల్లికి ఇద్దాం అన్నారు నాన్న. అప్పుడు తను పదో తరగతిలోకి వచ్చింది.

నాన్న ఎవరికీ చెప్పకుండా షాపుకెళ్లి బెడ్‌రూమ్ సెట్ బుక్ చేశారు. ఆరడుగుల వెడల్పు డబుల్ కాట్, పరుపు, అద్దం ఉన్న డ్రెస్సింగ్ టేబుల్. దాదాపు 60 వేలు. సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను కాబట్టి సామాను దింపించింది నేనే. దింపుతున్నప్పుడు నాన్న ఆటో అతనితో, "జాగ్రత్త బాబూ, గీతలు పడకూడదు, రేపు అమ్మాయి పెళ్లికి సారెలో పంపాలి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా.

నెల తర్వాత ఫోన్ చేస్తే, చెల్లి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదువుతున్నా అంది. గది ఉంది కదే అన్నాను.

"గదిలో టేబుల్ పెట్టే చోటు లేదన్నా. మంచం మీద కూర్చుని రాస్తుంటే నడుము లాగేస్తోంది."

"మరి నాన్నకి చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పను? అది నాకోసం కొన్నది కాదుగా. అది నా పెళ్లి మంచం. అప్పటిదాకా దాని మీద పడుకుంటున్నాను, అంతే."

నాకు మాట రాలేదు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నాకేం కొన్నారో గుర్తొచ్చింది. స్టడీ టేబుల్. అబ్బాయికి చదువుకునే టేబుల్, అమ్మాయికి పెళ్లి మంచం. ఎవరూ కావాలని చేయలేదు. నాన్నకి చెల్లంటే ప్రాణం. ఆయన చిన్నప్పుడు ఆయనకంటూ ఒక మంచం కూడా లేదు. ప్రేమగానే కొన్నారు, కానీ పదేళ్ల తర్వాతి చెల్లి కోసం కొన్నారు. ఇప్పుడు ఆ గదిలో ఉంటున్న చెల్లి కోసం కొనలేదు.

ఈ రోజు నేను చెప్పాలనుకుంటున్నది ఇదొక్కటే. గదిలో ఇప్పుడు ఎవరు ఉంటున్నారో వాళ్ల కోసం కొనండి. వచ్చే చుట్టాల కోసం కాదు, రేపటి పెళ్లి కోసం కాదు, షాపులో ఫోటోకి బాగుందని కూడా కాదు. ఇక మంచం నుంచి తాళం చెవి దాకా ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది కొలతలు. మన అపార్ట్‌మెంట్లలో రెండో బెడ్‌రూమ్ చాలావరకు పదడుగులకి పదడుగులు ఉంటుంది. అంటే 120 అంగుళాలు. ఆరడుగుల పరుపు అంటే 72 అంగుళాలు, కానీ ఫ్రేమ్‌తో కలిపి మంచం వెడల్పు 75 దాకా వస్తుంది. తలాపు చెక్కతో కలిపి పొడవు 84. మా చెల్లి గదిలో ఏమైందంటే, పక్క గోడకి నానమ్మ ఇనప బీరువా ఉంది. దాని లోతు 20 అంగుళాలు. 120లో 75, 20 తీసేస్తే మిగిలింది 25. బీరువా తలుపు తెరిస్తే మనిషి పక్కకి తిరిగి నిలబడాలి. కాళ్ల వైపు 36 మిగిలితే, డ్రెస్సింగ్ టేబుల్ అందులో 16 తినేసింది. ఇక స్టడీ టేబుల్ ఎక్కడ పెడతాం?

షోరూమ్‌లో ఇది అర్థం కాదు. అక్కడ హాలు పెద్దది, సీలింగ్ ఎత్తు, చుట్టూ ఖాళీ. ఎంత పెద్ద మంచమైనా ముచ్చటగా కనిపిస్తుంది. అందుకే కొనేముందు గదిలో నేల మీద గీసి చూసుకోండి. దసరా సెలవులకి నేను ఇంటికెళ్లి చేసింది అదే. టేపు పట్టుకుని కొలిచాను, అమ్మ ముగ్గు డబ్బా తెచ్చింది. హాల్లో ముందు గది గీశాం, లోపల మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ గీశాం. తర్వాత స్టడీ టేబుల్ ఎక్కడ గీయాలో నాన్ననే చెప్పమన్నాను. ఆయన ఆ ముగ్గులో అటూ ఇటూ రెండు నిమిషాలు నడిచారు. ఏమీ అనలేదు. సాయంత్రం, "ఆ మంచం మా గదిలోకి జరిపేద్దాం, దానికి చిన్నది చూడండి" అన్నారు. వాదిస్తే ఇంత తొందరగా ఒప్పుకునేవారు కాదు.

గీసేటప్పుడు మూడు మర్చిపోకండి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ రెక్క ఎటు వస్తుంది, ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి. ఇంకోటి, తల ఉత్తరం వైపు పెట్టకూడదని ఇంట్లో పెద్దవాళ్లు కచ్చితంగా అంటారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ముందే అడిగేయండి. అంతా బిగించాక మంచం తిప్పాల్సి వస్తే ప్లాన్ మొత్తం పాడవుతుంది.

రెండోది మంచం, పరుపు. ఒక్కరు పడుకునే గదికి సింగిల్ కాట్ చాలు. పరుపు వెడల్పు 36 అంగుళాలు, పొడవు 72, 75, 78 సైజుల్లో దొరుకుతుంది. టీనేజర్‌కి 78 తీసుకోండి. ఈ వయసులో ఒక్క ఏడాదిలో మూడు అంగుళాలు పెరిగేవాళ్లు ఉంటారు. 72 అంటే సరిగ్గా ఆరడుగులు, తమ్ముడు అయిదడుగుల పది అయితే రాత్రంతా కాళ్లు అంచుకి తగులుతూనే ఉంటాయి. కార్టూన్ బొమ్మల మంచాలు, కారు ఆకారం మంచాలు పదేళ్ల పిల్లాడికి కొన్నా రెండు మూడేళ్లలో మార్చాల్సిందే.

పరుపు మీద షాపులో కూర్చుని లేవడం కాదు. చెప్పులు విప్పి పడుకోండి. వెల్లకిలా అయిదు నిమిషాలు, పక్కకి తిరిగి అయిదు నిమిషాలు. నడుము గుంటలోకి దిగిపోతున్నా, భుజం నొక్కుకుపోతున్నా అది మీకు పనికిరాదు. షాపు వాళ్లేమీ అనుకోరు. అనుకుంటే వేరే షాపుకి వెళ్దాం.

ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఉంటే బంక్ బెడ్ అడుగుతారు. చూడటానికి బాగుంటుంది. కానీ మన గదుల్లో సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. పై పరుపు నేల నుంచి అయిదడుగుల ఎత్తులో ఉందనుకోండి, దాని మీద టీనేజర్ నిటారుగా కూర్చుంటే ఇంకో మూడడుగులు. అంటే తల ఎనిమిది అడుగుల దగ్గర. చెయ్యి పైకెత్తితే? ఫ్యాన్ రెక్కలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవకుండా బంక్ బెడ్ కొనొద్దు. ఫ్యాన్ మంచానికి దగ్గర్లో ఉంటే ఆ ఆలోచన వదిలేయండి. కింద నుంచి లాగే పుల్ అవుట్ మంచం తీసుకుంటే అదే చోటులో ఇద్దరూ పడుకోవచ్చు.

నిద్ర గురించి ఒక్క మాట. ఇది అమ్మానాన్నలకి కూడా వినిపించండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిపుణులు చెప్తారు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఒంట్లో కాస్త ఆలస్యంగా పనిచేయడం మొదలుపెడుతుంది. అందుకే రాత్రి తొందరగా నిద్ర రాదు, పొద్దున్నే లేవలేరు. అదంతా బద్ధకం కాదు. అయితే, ఛార్జర్ పెట్టే ప్లగ్ దిండు పక్కనే ఉంటే ఆ ఆలస్యానికి ఫోన్ ఇంకో రెండు గంటలు కలుపుతుంది. నాకూ అదే అలవాటు, మీకు నీతులు చెప్పట్లేదు. కానీ మంచం వేసేటప్పుడే ప్లగ్‌కి దూరంగా వేస్తే సగం పని అయిపోతుంది. లేచి వెళ్లి ఫోన్ తీసుకోవాలంటే మనకే విసుగు.

మూడోది టేబుల్, కుర్చీ. మామూలు టేబుల్ ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు ఉంటుంది. లోతు 24 అంగుళాలు ఉంటే పుస్తకం, నోట్‌బుక్ రెండూ తెరిచి పెట్టుకోవచ్చు. చిన్న టెస్ట్ ఉంది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. పాదాలు పూర్తిగా నేల మీద ఆనాలి. మోచేతులు టేబుల్ ఎత్తుకి సమానంగా రావాలి. భుజాలు పైకి లేస్తున్నాయంటే టేబుల్ ఎక్కువ ఎత్తు అని. డబ్బులు తక్కువుంటే టేబుల్ మీద తగ్గించండి, ఎత్తు మార్చుకునే కుర్చీ మీద పెట్టండి. ఎందుకంటే మనిషి పెరుగుతాడు, టేబుల్ పెరగదు. కుర్చీ ఎత్తు పెంచాక పాదాలు గాల్లో ఉంటే కింద ఒక పీట వేసుకోండి. పూజగదిలో పీట కాదు, అమ్మ ఊరుకోదు. వేరేది.

టేబుల్‌ని కిటికీ వెలుగు పక్క నుంచి వచ్చేలా వేయండి. కుడిచేత్తో రాసేవాళ్లకి వెలుగు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే రాసే చెయ్యి నీడ పేజీ మీదే పడుతుంది. టేబుల్ ల్యాంప్ కూడా అంతే. ఎడమచేతి వాటమైతే రివర్స్.

నాలుగోది బట్టల బీరువా. దీని గురించి ఎక్కువ మాట్లాడాలి. మన ఇళ్లలో పిల్లల గది అంటారు గానీ, అందులో బీరువా తెరిస్తే అమ్మ పట్టుచీరలు, నాన్న ఫైళ్లు, పెళ్లికొచ్చిన స్టీలు సామాను. పైన అటక మీద సూట్‌కేసులు, దేవుడి పండగ సామాను. పిల్లల బట్టలు కుర్చీ మీద ఉంటాయి. తర్వాత, "ఎప్పుడు చూసినా బట్టలు కుర్చీ మీదే" అని తిట్లు. మరి పెట్టుకునే చోటు ఏది?

మా ఇంట్లోనూ ఇదే. నానమ్మ బీరువాలో నాలుగు అరలుంటే చెల్లికి ఒకటిచ్చారు, అందులో సగం దుప్పట్లు. కాబట్టి కొత్తది కొనే ముందు ఉన్నది ఖాళీ చేయండి. చాలా ఇళ్లలో కొత్త వార్డ్‌రోబ్ అవసరమే ఉండదు. కొత్తదే చేయిస్తుంటే, హ్యాంగర్లు అడ్డం తగలకుండా ఉండటానికి లోతు 22 నుంచి 24 అంగుళాలు ఉండాలి. అద్దం తలుపు లోపలి వైపు బిగిస్తే డ్రెస్సింగ్ టేబుల్‌కి విడిగా చోటు అక్కర్లేదు.

ఎత్తుగా ఉన్న ఏ బీరువా అయినా, డ్రాయర్ల సెట్ అయినా గోడకి క్లాంపులతో బిగించండి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. 2016లో అమెరికాలో ఐకియా కంపెనీ దాదాపు 2 కోట్ల 90 లక్షల డ్రాయర్ల బీరువాలను రీకాల్ చేసింది. గోడకి బిగించనివి ముందుకి ఒరిగి మీద పడి చిన్నపిల్లలు చనిపోయారు. టీనేజర్ గదిలోకి ఇంట్లోని చిన్నపిల్లలు కూడా వస్తారు. డ్రాయర్‌ని మెట్టులా వాడి ఎక్కుతారు. రెండు క్లాంపులు, నాలుగు స్క్రూలు. అరగంట పని.

ఇప్పుడు తాళం. ఒక్క డ్రాయర్‌కైనా తాళం ఉండాలి, ఆ తాళం చెవి పిల్లల దగ్గరే ఉండాలి. ఈ మాట అనగానే అమ్మానాన్నలకి గుండె ఝల్లుమంటుంది. ఏం దాస్తున్నావు అంటారు. ఏం దాస్తారు? డైరీ. ఫ్రెండ్ ఇచ్చిన గ్రీటింగ్ కార్డు. తక్కువ మార్కులొచ్చిన ఒక పేపర్. మా చెల్లిని అడిగితే తను చెప్పింది వేరు. శానిటరీ ప్యాడ్స్ పెట్టుకోవడానికి తనకంటూ ఒక చోటు కావాలంది. అప్పటిదాకా పాత పేపర్లో చుట్టి దుప్పట్ల వెనక పెట్టేదట. చుట్టాలొస్తే దుప్పట్ల కోసం ఎవరో ఒకరు ఆ అర తెరుస్తారు, తనకి ప్రాణం పోయినంత పనవుతుంది. పదిహేనేళ్ల మనిషికి ఒక డ్రాయర్ ఇవ్వడం మాకు తట్టలేదు చూడండి, అరవై వేలు ఖర్చుపెట్టాం గానీ.

అయిదోది మెటీరియల్. నాకు కొన్న స్టడీ టేబుల్ అన్నాను కదా, అది ఇప్పుడు లేదు. పార్టికల్ బోర్డుది. అంటే చెక్క పొట్టుని జిగురుతో కలిపి అచ్చు వేసిన బోర్డు. రోజూ తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడుస్తాం కదా, ఆ నీళ్లు పీల్చి అడుగుభాగం ఉబ్బిపోయింది. స్క్రూలు పట్టు వదిలేశాయి. మాది సముద్రం ఊరు, గాల్లోనే తేమ. పార్టికల్ బోర్డు కొనకూడదని కాదు, తక్కువ ధరలో దొరుకుతుంది. కానీ కొంటే అడుగున ప్లాస్టిక్ బుష్‌లో, మెటల్ కాళ్లో ఉండాలి, బోర్డు నేలకి తగలకూడదు. అంచులన్నీ టేపుతో పూర్తిగా మూసి ఉండాలి.

ప్లైవుడ్‌తో చేయిస్తుంటే షీటు మీద ఐఎస్ఐ మార్కు చూడండి. మామూలు ఫర్నిచర్‌కి వాడే ప్లైవుడ్‌కి ఐఎస్ 303, మెరైన్ ప్లైవుడ్‌కి ఐఎస్ 710 అని నంబర్ ఉంటుంది. బెడ్‌రూమ్ బీరువాకి మెరైన్ అక్కర్లేదు. బాత్‌రూమ్ గోడకి ఆనుకుని ఉంటే మాత్రం ఆలోచించాలి. రెడీమేడ్ కొంటే ముందు వైపు మెరుపు చూసి మోసపోవద్దు. డ్రాయర్ బయటికి లాగి అడుగు చూడండి, వెనక్కి తిప్పించి వెనక చెక్క చూడండి. కొత్త సామాను ఘాటుగా వాసనొస్తుంటే కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఆరనిచ్చి, ఆ తర్వాతే ఆ గదిలో పడుకోండి.

పాత సామాను అంటే చిన్నచూపు వద్దు. మా చెల్లి టేబుల్ ఎలా తయారైందో చెప్తా. మేడ మీద నానమ్మ మంచం విప్పి పెట్టి ఉంది. నవారు ఎప్పుడో చిరిగిపోయింది. కార్పెంటర్ మేస్త్రీ ఆ పట్టెలు గీకి చూసి, "ఇది పాత టేకండీ, ఇప్పుడు ఇలాంటిది కొనాలంటే మాటలు కాదు" అన్నాడు. ఆ పట్టెలతో, కోళ్లతో ఫ్రేమ్ కట్టి, పైన ప్లైవుడ్ వేసి టేబుల్ చేశాడు. తాళం ఉన్న డ్రాయర్ ఒకటి. ప్లైవుడ్, లామినేట్, కూలీ అన్నీ కలిపి 7 వేల లోపే అయింది. అది నానమ్మ మంచం అని తెలిసినప్పటి నుంచి నాన్న ఆ టేబుల్‌ని రోజుకోసారి తడిమి చూస్తుంటారు.

ఇక ఎవరు డిసైడ్ చేయాలి? మా ఇంట్లో పనిచేసిన పద్ధతి చెప్తాను. బడ్జెట్ అమ్మానాన్నలు చెప్తారు. సైజులు, సేఫ్టీ అందరం కలిసి చూస్తాం. రంగు, డిజైన్, ఏది ఎక్కడ పెట్టాలి అన్నది గదిలో ఉండే మనిషి ఇష్టం. నల్ల కర్టెన్లు కావాలన్నా సరే. మీరు టీనేజర్ అయితే, "నాకు మంచి గది కావాలి" అని అడగొద్దు. కొలతలు రాసి, ఏం కావాలో లిస్టు రాసి, మూడు చోట్ల రేట్లు కనుక్కుని కాగితం చేతిలో పెట్టండి. పెద్దవాళ్లు అలుగుడుకి లొంగినా లొంగకపోయినా, లెక్కకి మాత్రం ఆగి చూస్తారు.

ఇదంతా వింటూ, "మాకు గదే లేదు అన్నా" అనుకునేవాళ్లు ఉంటారు. నేనూ హాల్లోనే పెరిగాను. గది లేకపోయినా ఒక మూల ఇవ్వొచ్చు. మడత మంచం, గోడకి రెండు అరలు, మంచం కింద తాళం వేసుకునే ట్రంకు పెట్టె, ఒక టేబుల్ ల్యాంప్. అడ్డంగా తీగ కట్టి ఒక కర్టెన్. ఇంట్లో వాళ్లు ఆ కర్టెన్ తీసే ముందు ఒకసారి పిలిస్తే చాలు. దానికి ఖర్చేమీ లేదు.

చెల్లి ఇప్పుడు ఇంటర్ సెకండియర్. గదిలో మంచానికీ బీరువాకీ మధ్య అయిదడుగుల ఖాళీ ఉంది, దాంట్లో డ్యాన్స్ ప్రాక్టీస్ చేస్తోందని అమ్మ కంప్లైంట్. పెద్ద మంచం అమ్మానాన్నల గదిలో ఉంది. మొన్న నాన్నని అడిగాను, మరి సారెకి మంచం ఎలా అని. "అప్పటికి అది ఏం కావాలంటుందో దాన్నే అడుగుదాంలే" అన్నారు. నిజం చెప్పాలంటే, 60 వేలు పోసి మేం కొనుక్కున్నది ఈ మాటే.

మీ గదికో, మీ తమ్ముడి గదికో ఏదైనా కొనబోతుంటే, ముందు టేపు తీసుకోండి, తర్వాత ముగ్గు డబ్బా తీసుకోండి, ఆ గదిలో ఉండే మనిషిని పిలిచి అడగండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.